షోలాపురం చద్దరు నేసినోళ్లు

మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, చలి గట్టిగున్నది. ఈ రగ్గులు గిట్ల మా చిన్నప్పుడు ఏడియి? జగిత్యాల, కోరుట్ల దిక్కు చలంటే గొంగడే. కురుమోళ్లు నల్లగొర్ల బొచ్చు కత్తిరించి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద నేసేటోళ్లు. వానల నెత్తిమీద కప్పుకునేది, రాత్రి పక్కేసుకునేది అదే. మేము శాలోళ్లం ఉన్ని ముట్టకపోదుము. మాది నూలు: ధోతులు, చీరెలు, రుమాళ్లు.

మనోళ్లు చద్దర్లు నేసింది షోలాపురం పోయినంకనే. మిల్లు బట్ట వచ్చి మగ్గం బట్ట అమ్ముడువోక కడుపు కాలవట్టె. నైజాం రాజ్యం దాటితె షోలాపురం, అది ఇంగ్లీషోళ్ల బొంబాయి ఇలాకా. 1870లల్లనే అక్కడ పెద్ద నూలు మిల్లు వడ్డది, రైలున్నది. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు నుంచి మూటలు కట్టుకొని పోయిండ్రు. ముందుగాల పోయినోడు తమ్ముని పిలిసె, తమ్ముడు బామ్మర్దిని పిలిసె. పట్నానికి తూర్పున పేటలకు పేటలు తెలుగోళ్లయే అయినయి. గిప్పటికీ ఆ గల్లీలల్ల తిరిగితె మన మాటే ఇనవడతది. మార్కండేయుని గుడి కట్టుకున్నరు, నూలు పున్నమికి రథం తీస్తరు.

నేను పడుసుతనంల అక్కడి కార్ఖానల పని జేసిన. జకార్డు మగ్గం చూసి మొదలు బుగులు వడ్డ. మగ్గం నెత్తిన యంత్రం కూసుంటది, దాన్నుంచి తాళ్లు దిగి పడుగు పోగులను పట్టుకుంటయి. అట్టలకు బొక్కలు కొట్టి, ఒకదానెనుక ఒకటి కుట్టి, దండ లెక్క ఏలాడదీస్తరు. బొక్కున్న కాడ సూది అట్టల నుంచి పారుతది, ఆ పోగు లేస్తది. బొక్క లేని కాడ అట్ట సూదిని నూకుతది, పోగు కిందనే ఉంటది. పేక పేకకు అట్ట మారుతది. ఒక్క నెమలి పింఛం నిండుగ దిగాలంటె ఎన్ని అట్టలు తిరగాలెనో సోంచాయించుండ్రి! ఒక్క అట్ట ఎనకముందైతె పువ్వు చెడిపాయె. అసలు చద్దరు గొప్పతనం ఏంది తెలుసా? ఒక దిక్కు ఎర్ర నేల మీద తెల్ల పువ్వుంటె, తిప్పితె తెల్ల నేల మీద ఎర్ర పువ్వు.

ఈ జకార్డును 1804ల ఫ్రాన్సుల, లియోన్ పట్నపాయన జోసెఫ్ మరీ జకార్డ్ తయారు జేసిండు. 1820లకు అది అమెరికా చేరింది. జర్మనీ, స్కాట్లండ్ నుంచి బతుకపోయిన సాలెలు అక్కడ దానిమీద చద్దర్లు నేసిండ్రట, నూలు పడుగు, ఉన్ని పేక. మగ్గం సన్నగుంటె రెండు ముక్కలు నేసి నడుమ కుట్టేటోళ్లు. మనూరి పోరడు అక్కడ మ్యూజియంల చూసి ఫోటోలు పంపిండు. చద్దరు మూలకు నేసినోని పేరు, ఊరు, సంవత్సరం, అన్నీ నేతలనే ఉన్నయి! అది చూసి నాకు నిద్ర వట్టలే. మా దగ్గర అంచుల కార్ఖాన పేరు నేసేది. అది సుత మేమే నేసేది. మా పేరు మాత్రం ఏడ లేకపాయె.

మా ఆడోళ్లు కండెలు చుట్టుడు, బీడీలు చేసుడు. షోలాపురంల సంసారాలు నిలవడ్డది సగం ఆ బీడీల మీదనే. మన తెలుగు శాలాయనే నర్సయ్య ఆడం, ఎర్రజెండా మాజీ ఎమ్మెల్యే, వాళ్ల ఇండ్లకోసం ఏండ్లకేండ్లు కొట్లాడిండు. 2006ల బీడీ కార్మికులకు 10,000 ఇండ్లు వచ్చినయి. 2024 జనవరిల రాయ్‌నగర్‌ల ఇంకో 15,000 ఇచ్చిండ్రు. నాతోని పని జేసినోళ్ల బిడ్డలు ఎందరో ఆ ఇండ్లల్ల ఉన్నరు.

చద్దరుకు 2005-06ల సర్కారు జీఐ గుర్తు ఇచ్చింది, షోలాపురం పేరు మీద. ఇయ్యాల్సిందే, ఆ ఊరు మనకు అన్నం వెట్టింది. కని ఆ పేరెనుక మన పాత కరీంనగర్ జిల్లా చేతులున్నయని మీకు ఎరుకుండాలె.

సిరిసిల్లల సాంచెలు, అంటె కరెంటు మగ్గాలు, వచ్చి చేతి మగ్గాలు మూలకు వడ్డయి. నడుమల పనిలేక ఉరివెట్టుకున్నోళ్లను చూసినం, ఆ ముచ్చట ఇయ్యాల వద్దు. 2017 నుంచి సర్కారు బతుకమ్మ చీరెలు కొన్నొద్దులు సాంచెలను ఆడిచ్చినయి. షోలాపురంల సుత కార్ఖానలు తక్కువైనయి. పానిపట్టు మెత్తటి రగ్గులు అగ్గువకు దొరుకుతుంటె నూలు చద్దరు ఎవలు కొంటరు?

మన చిన్నదాని పెండ్లికి పెట్టుబడుల చద్దర్లు తెస్తమంటున్నరు గద, నూలుదే తేండ్రి. దుకాణంల రెండు దిక్కుల తిప్పి చూడుండ్రి, రంగు మారాలె, పువ్వు మారొద్దు.