పెంపుడు తల్లికి ఉత్తరం

దూరదేశంలోని ఒక పిల్లకో పిల్లాడికో నెలనెలా కొంత డబ్బు పంపుతూ, ఉత్తరాలు రాసుకునే పద్ధతి ఒకటుందని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అదెలా మొదలైందా అని చదువుతూ పోతే స్పెయిన్ దాకా వెళ్లాను.

1937. అక్కడ అంతర్యుద్ధం జరుగుతోంది. జాన్ లాంగ్డన్ డేవిస్ అనే బ్రిటిష్ విలేఖరికి హోసే అనే చిన్నపిల్లాడు తారసపడ్డాడట. వాడి దగ్గర తండ్రి రాసిన చీటీ ఉంది. శాంతాందేర్ పట్టణం శత్రువుల చేతికి చిక్కితే తనను కాల్చేస్తారనీ, తన బిడ్డ ఎవరికి దొరికితే వాళ్లు చూసుకోవాలనీ దాని సారాంశం. ఇవాళ ప్లాన్ ఇంటర్నేషనల్ అని పిలిచే సంస్థ అలా పుట్టింది. ఒక దాతకు ఒక బిడ్డ, మధ్యలో ఉత్తరాలు, ఇదీ ఏర్పాటు. దాతలను "పెంపుడు తల్లిదండ్రులు" అనేవారు. నన్నడిగితే ఈ సంప్రదాయంలో మొదటి ఉత్తరం ఆ తండ్రి చీటీయే.

తర్వాత చైనా యుద్ధం, కొరియా యుద్ధం. అనాథలు ఎక్కడ పెరిగితే ఈ పద్ధతీ అక్కడికి పాకింది. మన దేశానికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. 1959లో జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో కొందరు క్రైస్తవులు కలిసి కిండర్‌నాట్‌హిల్ఫె అనే సంస్థ పెట్టారు. వాళ్లు మొదట ఆదుకున్నది భారతదేశంలోని ఐదుగురు పిల్లలను.

మా హైస్కూల్లో బోర్డింగు పిల్లలకు ఇలాంటి ఉత్తరాలు వచ్చేవి. మంచు కప్పిన ఇళ్ల బొమ్మల కార్డులు. మేమంతా మూగి చూసేవాళ్లం. జవాబు మాత్రం వార్డెనమ్మ బోర్డు మీద రాస్తే అందరూ ఎక్కించుకునేవారు: బాగున్నాను, బాగా చదువుతున్నాను, మీ కోసం ప్రార్థిస్తున్నాను. తెలుగు బీఏ చదివినదాన్ని, "ఉభయకుశలోపరి"కి అలవాటుపడినదాన్ని, మూస ఉత్తరాలను నేను తప్పుపట్టను. పదేళ్ల పిల్ల ముక్కూమొహం తెలియని మనిషికి ఇంకేం రాస్తుంది? పైగా ఆ తెలుగును ఎవరో ఇంగ్లీషులోకి మార్చాలి. తప్పిపోయిన మేక, అమ్మతో పోట్లాట లాంటివి ఆ దారిలో ఎన్ని జారిపోయాయో! నాకు నచ్చనిది ఒక్కటే. ఆ ఉత్తరాల్లో కన్నతల్లి ఎక్కడా కనిపించదు.

అన్నీ సవ్యంగా జరగలేదు కూడా. 1998లో షికాగో ట్రిబ్యూన్ విలేఖరులు తామే దాతలుగా చేరి పిల్లలను వెతుక్కుంటూ వెళ్లారు. చనిపోయిన బిడ్డ పేరు మీద కూడా డబ్బు అందుకుంటూనే ఉన్న సంగతి బయటపడింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలాగని అంతా దండగ అనలేం. బ్రూస్ వైడిక్, ఆయన తోటి ఆర్థికవేత్తలు మన దేశంతో సహా ఆరు దేశాల్లో, కంపాషన్ అనే సంస్థ సాయంతో పెరిగినవాళ్ల వివరాలు సేకరించారు. అలాంటివాళ్లు మిగతావారికంటే ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారని 2013లో రాశారు. ఆడపిల్లకు బడిలో ఇంకో ఏడాది అంటే ఏమిటో మన ఇళ్లలో వేరే చెప్పాలా?

అదే సంస్థ, విదేశీ విరాళాల మీద ఆంక్షల వల్ల, 2017 మార్చిలో మన దేశంలో పని ఆపేసింది. అప్పటికి ఇక్కడ 1,40,000 మందికి పైగా పిల్లలు దాని సాయం అందుకుంటున్నారు. వాళ్లలో చాలామందికి ఇప్పుడు ఇరవై దాటి ఉంటాయి. పాత కార్డులు ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉండే ఉంటాయి.