ఎలక్ట్రిక్ మినీ ట్రక్కు కొంటున్నారా? ముందు బందరు లెక్క చూసుకోండి

ఎలక్ట్రిక్ మినీ ట్రక్కు కొనేవారు ధర కంటే ముందు చూడాల్సింది రోజూ తిరిగే దూరం.

రేంజ్: 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీ 600 కిలోలు మోస్తుంది. ఒక్క చార్జింగ్‌తో 154 కిలోమీటర్లు నడుస్తుందన్నది కంపెనీ మాట. అది పరీక్షల్లో తేలిన లెక్క. నిండు లోడుతో తగ్గుతుంది. విజయవాడ నుంచి బందరుకు రానూపోనూ దాదాపు 140 కిలోమీటర్లు. సరుకు దించే చోట చార్జింగ్ దొరుకుతుందో లేదో ముందే చూసుకోవాలి. గుడివాడకైతే సుమారు 90 కాబట్టి అంత ఇబ్బంది ఉండదు.

సబ్సిడీ: పీఎం ఈ-డ్రైవ్‌లో ట్రక్కులకిచ్చే ప్రోత్సాహకం లోడుతో కలిపి 3.5 టన్నులు దాటిన బండ్లకే. దీనికి రాదు.

పర్మిట్: బ్యాటరీ రవాణా వాహనాలకు 2018 నుంచి అక్కర్లేదు.

వరద: 2024లో బుడమేరు పొంగినప్పటిలా బండి నీట మునిగితే స్టార్ట్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. సర్వీస్ సెంటర్‌లో చూపించాకే నడపాలి.