కోరంగి: ఓడలు పోయిన చోట పరిందాలు

బహార్ అంటే మనకు మామిడి పూత, కోకిల కూత. గోదావరి దరియాలో కలిసే చోట మాత్రం అది అల్విదా చెప్పే మౌసమ్. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోరంగి బురదనేలల మీంచి వలస పరిందాలు గుంపులుగా లేచి మధ్య ఆసియా, సైబీరియాల వైపు సాగిపోతాయి. వాటిని చూద్దామని ఒక దోస్త్‌తో కలిసి రాజమండ్రి నుంచి కాకినాడ మీదుగా, యానాం రోడ్డు పట్టి వెళ్ళాను.

"ఈ బురదలో ఏముందని భాయ్, అంత దూరం నుంచి వస్తాయి?" అన్నాడు దోస్త్. జవాబు కోరంగి తారీఖ్‌లోనే ఉంది.

ఇప్పుడు చిన్న ఊరే గానీ, 18, 19 శతాబ్దాల్లో కోరంగి పేరున్న బందరు. ఓడలు కట్టడానికి, మరమ్మతులకు ఇక్కడికే వచ్చేవారు. బందరు, సరంగు, ఖలాసీ లాంటి మాటలు ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగు నోళ్ళలో స్థిరపడింది ఇలాంటి రేవుల్లోనే. 1789 డిసెంబరులో, మళ్ళీ 1839 నవంబరులో ఉప్పెనలు ఊరిని ముంచాయి. ఆ రెండో తుఫానును అధ్యయనం చేసిన కలకత్తా హెన్రీ పిడింగ్టనే తర్వాత 'సైక్లోన్' అనే మాటను పుట్టించాడు. మరోపక్క గోదావరి తెచ్చిన ఒండ్రు మేట వేసి రేవు లోతు తగ్గింది. ఓడలు కాకినాడకు మళ్ళాయి.

ఈ తీరం నుంచి రోజీ కోసం ఎందరో రంగం వెళ్ళారు. రంగూన్‌లో తెలుగు కూలీలందరినీ 'కోరంగీలు' అనేవారు. రేవు మునిగినా దాని పేరు పరదేశంలో బతికింది, కానీ ఇజ్జత్‌తో కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో దంగా జరిగితే దెబ్బలు తిన్నది ఎక్కువగా ఈ కూలీలే. 1942లో జపాన్ సేనలు వచ్చిపడితే లక్షల మంది హిందుస్తానీలు వతన్ దారి పట్టారు, ఎందరో అడవుల్లో కాలినడకన. దోస్త్ చేతిలో ఉన్న పరిందాల కితాబు రాసిన సలీం అలీ సాహెబ్ కూడా 1914లో ఖాందాన్ తిజారత్ కోసం బర్మా వెళ్ళినవారే.

ఇక బురద సంగతి. ఓడలకు మౌత్ అయిన ఆ ఒండ్రే పరిందాలకు దస్తర్‌ఖాన్ అయింది. ఆటు సమయంలో నీరు తీయగానే పురుగులు, పీతలు, నత్తలు పైకి తేలుతాయి. వంపు ముక్కు కర్లూ లోతుగా పొడుస్తుంది, ఉల్లంకులు పైపైన ఏరుకుంటాయి. వేల మైళ్ళ సఫర్‌కు కావలసిన కొవ్వును అవి ఇక్కడే కూడబెట్టుకుంటాయి. 1978లో ఈ మడ అడవులను అభయారణ్యం చేశారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

బురద బేకార్ అనుకుని పూడ్చినా, చెరువులు తవ్వినా ఈ దస్తర్‌ఖాన్ ఎత్తేసినట్టే. పరిందాలకు ఇంకో చోటు వెంటనే దొరకదు.

చలికాలం ముందు అవి మళ్ళీ వస్తాయి. రంగం వెళ్ళినవాళ్ళలో అందరూ రాలేదు. మీ ఖాందాన్‌లో అలా వెళ్ళిన బుజుర్గులుంటే, వాళ్ళ పేరు, ఊరు, ఎక్కిన రేవు ఇప్పుడే నానీమాల్ని, దాదీమాల్ని అడిగి రాసుకోండి. చెప్పగలిగినవాళ్ళు ఇళ్ళల్లో తగ్గిపోతున్నారు.