ఫోన్‌లో చెస్ ఆడేవాళ్ళం తెలుసుకోవాల్సిన చరిత్ర



పోయిన నెల కాలేజీల చెస్ పోటీకి మా హాస్టల్ నుంచి నలుగురం వెళ్ళాం. అందరం కలిపి గెలిచింది ఒక్క గేమ్. మాకు కోచ్ లేడు. రాత్రి మెస్ అయ్యాక ఫోన్‌లో కంప్యూటర్‌తో ఆడి నేర్చుకున్నదే. తప్పు ఎత్తు వేస్తే అన్‌డూ నొక్కడం అలవాటు. అక్కడేమో పావును ముట్టుకుంటే దాన్నే కదపాలి. మావాడొకడు తొందరపడి మంత్రిని ముట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. తిరిగొచ్చాక అసలు ఈ కంప్యూటర్ చెస్ ఎక్కడ మొదలైందో, పెద్ద ఆటగాళ్ళు దాన్ని ఎలా వాడారో చదివాం.

మొట్టమొదటి 'చెస్ యంత్రం' ఒక మోసం. 1770లో వియన్నాలో వోల్ఫ్‌గాంగ్ వాన్ కెంపెలెన్ దాన్ని చూపించాడు. తలపాగా చుట్టిన బొమ్మ పావులు కదుపుతుంటే, ఆడే మనిషి కింద పెట్టెలో దాక్కుని ఉండేవాడు.

అసలు ప్రోగ్రామ్ 1948 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో అలన్ ట్యూరింగ్, ఆయన స్నేహితుడు చాంపర్‌నౌన్ కలిసి తయారుచేశారు. తమాషా ఏంటంటే, దాన్ని నడిపే కంప్యూటరే అప్పటికి లేదు. అందుకని 1952లో ట్యూరింగే కంప్యూటర్ అయ్యాడు. కాగితం మీద లెక్కలు వేసుకుని, ఒక్కో ఎత్తుకు అరగంట దాకా కష్టపడి, తనకి నచ్చినా నచ్చకపోయినా లెక్క చెప్పిన ఎత్తే వేశాడు. అవతల ఆడింది ఆలిక్ గ్లెన్నీ. 29 ఎత్తుల్లో ట్యూరింగ్ కాగితం ఓడిపోయింది. మెషీన్ లేదని ఆయన ఆగలేదు, అందుకే ఈ కథ మాకు బాగా నచ్చింది. ల్యాప్‌టాప్ లేకుండా కంప్యూటర్స్ చదివేవాళ్ళు మనలో ఎంతమంది లేరు!

1985 జూన్‌లో హాంబర్గ్‌లో గారీ కాస్పరోవ్ ఒకేసారి 32 కంప్యూటర్లతో ఆడి 32 ఆటలూ గెలిచాడు. పన్నెండేళ్ళు తిరక్కుండానే, 1997 మేలో న్యూయార్క్‌లో, ఐబీఎం వాళ్ళ డీప్ బ్లూ అదే కాస్పరోవ్‌ను 3.5-2.5 తేడాతో ఓడించింది. చివరి గేమ్ 19 ఎత్తుల్లోనే అయిపోయింది. (ముందు ఏడాది ఫిలడెల్ఫియాలో ఆయన 4-2తో గెలిచిన సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు.) డీప్ బ్లూ టన్నుకు పైగా బరువు, సెకనుకు దాదాపు 20 కోట్ల స్థితులు లెక్కేసేది. ఇప్పుడు స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ఫ్రీ. మన చేతిలోని మామూలు ఫోన్‌లో కూడా డీప్ బ్లూ కంటే గట్టిగా ఆడుతుంది.

అంటే డబ్బులు లేకపోవడం ఇక్కడ అడ్డం కాదు. మరి మేమెందుకు ఓడిపోయాం?

దీనికి జవాబు గుకేశ్ దగ్గర దొరికింది. చెన్నైలో పుట్టిన తెలుగు కుటుంబం పిల్లాడు. 2019లో 12 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్, 2024 డిసెంబర్‌లో 18 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్. కోచ్ విష్ణు ప్రసన్న ఆయన్ని మొదటి ఏళ్ళలో ఇంజిన్‌కు దూరంగా ఉంచాడు. ముందు సొంతంగా లెక్కేయడం రావాలని. మేం చేసింది సరిగ్గా తలకిందులు.

ఇంకో సంగతి. లెవెల్ తగ్గిస్తే కంప్యూటర్ మనలాగా ఆడదు. పది మంచి ఎత్తులు వేసి, ఉన్నట్టుండి గుర్రాన్ని ఊరికే ఇచ్చేస్తుంది. మనం గెలిచామని సంబరపడతాం. మనుషులు అలా ఇవ్వరు.

అందుకే పద్ధతి మార్చాం. అన్‌డూ బంద్. ఓడిన ఆటను నోట్‌బుక్‌లో రాసుకుని, ఎక్కడ చెడిందో ముందు మేమే వాదించుకుంటాం, ఆ తర్వాతే ఇంజిన్‌ను అడుగుతాం. సగంసార్లు మేం అనుకున్న తప్పు ఒకటి, అది చూపించే తప్పు ఇంకొకటి. ఒక ఏనుగు ఎక్కువున్న ఆటను ఫుల్ లెవెల్ మీద గెలవడం కూడా ప్రాక్టీస్ చేస్తున్నాం. చేతిలో ఉన్న ఆటను గెలవడం ఇంత కష్టమని ఇప్పుడే తెలిసింది. మంత్రిని ముట్టుకున్న మావాడు మాత్రం ఇప్పుడు ఆలోచించేటప్పుడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటున్నాడు.