వెన్నుపాము విద్యుచ్చికిత్స: ఎవరికి తగునను విచారము

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున, క్లాడియస్ చక్రవర్తి కాలమునందలి రోమక వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, కీళ్లవాతముచే పాదము నొచ్చువాడు అలలు తడుపు సముద్రపుటొడ్డున నిలిచి, సజీవమైన నల్లని టార్పెడో చేపను పాదము క్రింద నుంచుకొని, మోకాలివరకు తిమ్మిరి యెక్కుదాక కదలకుండవలెనని తన ఔషధగ్రంథమున వ్రాసెను. విద్యుత్తుచే నొప్పిని శమింపజేయు విద్యకు ఇదియే ఆదియని చరిత్రకారులు చెప్పుదురు. నాకు మాత్రము ఇందొక చమత్కారము తోచుచున్నది: చేప నల్లనిదై యుండవలెను, ప్రాణముతో నుండవలెను, రోగి యెట్టివాడై యుండవలెనో ఆ వైద్యుడు పట్టించుకొననేలేదు. రోగి నెంచు కష్టము పందొమ్మిది శతాబ్దుల పిదపగాని వైద్యుల నెత్తిన పడలేదు.

1965లో రొనాల్డ్ మెల్జాక్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడును, పాట్రిక్ వాల్ అను నాడీశాస్త్రజ్ఞుడును కలసి, వెన్నుపామునందు నొప్పికొక ద్వారము కలదనియు, స్పర్శను కొనిపోవు లావు నరములు చైతన్యము పొందినప్పుడు ఆ ద్వారము మూసికొనుననియు సిద్ధాంతము చేసిరి. ఈ సిద్ధాంతమును నమ్మి, అమెరికాలో నార్మన్ షీలీ యను శస్త్రవైద్యుడు, థామస్ మార్టిమర్ అను ఇంజనీరింగు విద్యార్థి నిర్మించిన ఎలక్ట్రోడును, 1967 మార్చిలో ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుచున్న డెబ్బదియేండ్ల వృద్ధుని వెన్నుపాముపై అమర్చెను. నొప్పి తగ్గెను, రోగి స్వల్పకాలములోనే మరణించెను. ఆ వృద్ధుని విషయమున ఎంపిక ప్రసక్తి లేదు; అతనికి వేరు దారి లేకుండెను. చిక్కంతయు తరువాత వచ్చినది. చావు దాపున లేక, ఏండ్ల తరబడి నడుమునొప్పితో కాలునొప్పితో క్రుంగుచున్న వారు వైద్యుని ముంగిట నిలిచినప్పుడు, వీరిలో ఎవరి వెన్ను తెఱచి తీగ యమర్చవలెను, ఎవరిని వారింపవలెను?

ఈ చికిత్స నిజచరిత్రము, నా యభిప్రాయమున, యంత్రముల చరిత్ర కంటె ఈ ప్రశ్న చరిత్రయే. రోగులను వడగట్టుటకు మొదట దొరకిన జల్లెడ వింతయైనది. 1919లో పేటెంటు పొంది, సర్వరోగహరమని అంగళ్లలో అమ్ముడువోయిన ఎలక్ట్రీట్ అను పాత విద్యుత్ సాధనమును షీలీ వెదకి తెచ్చి, చర్మముపై విద్యుత్తు సోకినంతనే ఉపశమించు నొప్పి, వెన్నుపాముపై సోకినప్పుడును ఉపశమించునేమో యని పరీక్షించెను. ఇట్టి పరీక్షలలో పలువురికి ఆ పైపూత విద్యుత్తే చాలినదై, శస్త్రచికిత్స యక్కరయే లేకపోయెను. అట్లు రోగులను వడగట్టుటకు తెచ్చిన సాధనము తానే చికిత్సయై, టెన్స్ అను పేరుతో నేడు ఫిజియోథెరపీ గదులలో నెలకొని యున్నది.

పిదప, రోగి మనస్సు నెఱుగుటకు వైద్యులు 1943లో మినెసోటాలో వెలువడిన దీర్ఘమైన ప్రశ్నావళిని తెచ్చిరి. 1975లో మెల్జాక్ నొప్పిని వర్ణించు 78 పదములను ఇరువది వర్గములుగా కూర్చి రోగుల ముందుంచెను. శస్త్రవైద్యులు వేఱొక ఉపాయము పన్నిరి: సన్నని తీగను సూదిద్వారా వెన్నులోనికి తాత్కాలికముగా చొప్పించి, నొప్పి సగమైనను తగ్గినచో శాశ్వత పరికరము, లేనిచో లేదు. 2008లో బ్రిటనునందలి నైస్ సంస్థ దీనిని నియమముగానే విధించి, నొప్పిని కొలుచు నూఱు మిల్లీమీటర్ల గీతపై కనీసము ఏబది చొప్పున ఆఱు మాసములు నొప్పి యుండవలెనని చేర్చెను. అంతకు ముందటి యేట, వెన్నుకు శస్త్రచికిత్స జరిగియు కాలినొప్పి మానని నూర్గురిపై జరిగిన పరిశోధనము వెలువడినది; ఆఱుమాసములకు పరికరము పొందినవారిలో నూటికి 48 మందికి, పొందనివారిలో 9 మందికి నొప్పి సగమైనను తగ్గెను. ఈ వ్యత్యాసము ఘనమైనదే; కాని పరికరము పొందియు, నూటికి మిగిలిన 52 మంది మాటయో? జల్లెడ యింకను సన్నబడవలసియే యున్నది. విశేషమేమనగా, ఆ తాత్కాలిక పరీక్షనే పరీక్షకు పెట్టిన బ్రిటిషు పరిశోధనమునందు, పరీక్ష జరిగినవారికిని, జరుగకయే పరికరము పొందినవారికిని తుది ఉపశమనమున చెప్పదగిన భేదము కానరాలేదు.

ఇట్టి స్థితిలోనే, 2020లో యూరోపు నిపుణుల మండలి యొకటి కంప్యూటరు సాధనమును ప్రకటించినది. 1980ల నుండి అమెరికాలో వాడుకలో నున్న ర్యాండ్ సంస్థవారి పద్ధతి దీనికి మూలము: ఒక్కొక్క రోగదశను నిపుణులు ఎవరికి వారుగా ఒకటి మొదలు తొమ్మిది వఱకు అంకెలతో తూచి, పిదప సభ గూడి వాదించి, మరల తూచుదురు. ఇప్పుడు వైద్యుడు నొప్పి స్వభావమును, తావును, పూర్వచికిత్సలను తెరపై పూరించినచో, ఈ చికిత్స అతనికి ఎంతవఱకు తగునో తెలుపు తీర్పు వచ్చును. దానితోపాటు, రోగి యాశ మితిమీరినదా, ఇంటివారి తోడు కలదా, నల్లమందు జాతి ఔషధములను తగ్గించుకొన సమ్మతించునా యను ప్రశ్నలును అందు కలవు. యంత్రము తీర్పు చెప్పుచున్నదని భయపడువారు గమనింపవలసినది, అందు పలుకునది వాదించి అలసిన వైద్యుల గొంతే. అయినను అది నిపుణుల యూహయే గాని రోగుల యనుభవము కాదు. కావుననే, ఆ తీర్పునకును, పరికర మమర్చిన పిదప రోగులకు నిజముగా కలిగిన ఫలమునకును పొత్తు కుదురునా యని ఆసుపత్రుల పాత పత్రములను తిరుగవేయు పని తరువాతి యేండ్లలో సాగినది.