పట్టికలోని నేరం, ఊరిమీది నింద

బాపట్ల, చీరాల నడుమ రైలులో వెళ్లినవారు స్టువర్టుపురం బోర్డు చూసే ఉంటారు. ఆ పేరు చెవిన పడగానే చేయి తనంతట తానే జేబు తడుముకోవటం మనలో చాలామందికి అనుభవమే. అదేమని అడిగితే పోలీసు లెక్కలే సాక్ష్యమంటారు. మిత్రులారా, ఆ లెక్కలు ఎట్లా పుట్టాయో కాస్త విచారిద్దాం.

ఎరుకలవారు ఒకప్పుడు సంచార వర్తకులు. తీరప్రాంతపు ఉప్పును గాడిదలమీద, ఎద్దులమీద లోపలి సీమలకు చేర్చి, అక్కడి ధాన్యాన్ని ఇటు తెచ్చేవారు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో రైళ్లు వచ్చి ఆ వర్తకాన్ని మింగివేశాయి. బ్రతుకుతెరువు పోయిన సంచారి పాలకుల కంటికి అనుమానితుడయ్యాడు. ఉత్తరాదిన 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911 నాటి కొత్త శాసనంతో మద్రాసు రాజధానికీ వ్యాపించింది. ఆ తరువాత కొద్దికాలానికే స్టువర్టుపురం ఎరుకలవారి సెటిల్మెంటుగా వెలసింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారియైన హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు.

ఆ చట్టం క్రింద నమోదైనవారు వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు పలకాలి. విధించిన హద్దు దాటితే అదే శిక్షార్హమైన నేరం. పొరుగూరి రైతు పెళ్లికి వెళితే అది ప్రయాణం; నమోదైనవాడు అనుమతి లేక వెళితే అది కేసు. అక్కడ దొంగతనాలే జరగలేదని నా వాదం కాదు. కాని ఇట్టి పట్టిక నేరాన్ని ఎంత కొలుస్తుందో నిఘానూ అంతగానే కొలుస్తుంది.

చిన్న ఊరి లెక్కలో మరొక చిక్కు ఉన్నది. 2000 జనాభాగల ఊళ్లో నిరుడు ఒక దొంగతనం, ఈ ఏడు రెండు జరిగాయనుకోండి. లక్షకు ఇన్ని అని గుణిస్తే 50 కాస్తా 100 అవుతుంది. నేరాలు రెట్టింపైనాయని గగ్గోలు పుడుతుంది. నిజానికి పెరిగినది ఒక్కటి. కనుక ఏ అంకె విన్నా ఎంతమందిలో, ఎన్నేళ్లలో, ఎవరు ఎవరిని వెదకి వ్రాసినది అని అడగాలి.

జాషువా మహాకవి కుమార్తె హేమలత, భర్త లవణంగారితో కలిసి ఆ ఊళ్లో ఏళ్ల తరబడి సంస్కరణకు పాటుపడ్డారు. అట్లా కుదుటబడిన బ్రతుకులను చూపే గడి నేరాల పట్టికలో ఉండదు.

నేను ఉద్యోగంలో ఉండగా ఒకనాడు తరగతిలో ఎవరిదో పెన్ను పోయింది. ఆ ఊరి పిల్లవాడు ఒకడు ఉండేవాడు. నేను మొదట విప్పించినది అతని సంచి. పెన్ను సాయంత్రానికి పోగొట్టుకున్నవాడి పుస్తకాల నడుమనే దొరికింది. రోజూ ఒక్క సంచినే వెదికితే, ఎన్నడైనా దొరికేది ఆ సంచిలోనే గదా! ఆ పిల్లవానికి నేను ఒక్క మాటా చెప్పలేదు.

ఆ చట్టం 1952లో రద్దయింది. నేను ఆ సంచి విప్పించినది మూడు దశాబ్దాలు దాటిన తరువాత.