సంఘ గానం (తెలుగు క్రైస్తవ ఆరాధన)

ఆరాధనలో సభ అంతా కలిసి పాడటాన్ని సంఘ గానం అంటారు. ఇప్పుడు సహజమనిపించే ఈ పద్ధతిపై ఒకప్పుడు సంఘాలే చీలాయి. 16వ శతాబ్దంలో లూథర్ కొత్త పాటలను స్వాగతించాడు. జెనీవాలో కాల్విన్ ప్రధానంగా దావీదు కీర్తనలకే చోటిచ్చి, వాద్యాలను పక్కనపెట్టాడు. లండన్ బాప్టిస్టుల్లో బెంజమిన్ కీచ్ సంఘ గానాన్ని సమర్థిస్తూ 1691లో పుస్తకమే రాశాడు. అందరూ కలిసి పాడితే విశ్వాసి, అవిశ్వాసి తేడా పోతుందని, ముందే రాసిపెట్టిన పాట ఆత్మ ప్రేరణ కాదని ప్రత్యర్థుల అభ్యంతరం.

తెలుగునాట తగవు వేరు: పాడాలా అని కాదు, ఏ బాణీలో అని. మిషనరీలు ఇంగ్లీషు పాటలను వాటి స్వరాలతోనే తెలుగు చేయించారు. దీర్ఘాక్షరం రావలసిన చోట హ్రస్వం పడి, మాట నలిగేది. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాగతాళాల్లో కీర్తనలు కట్టి దీనికి జవాబిచ్చాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ గ్రంథంలో పాటల తలపై రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. వాటిని చూసి పాడేవారు తక్కువే.

క్యాథలిక్కుల్లో 1963 నాటి వాటికన్ తీర్మానం దేశభాషా గానానికి దారి విస్తరించింది. క్రీస్తు సంఘాల్లో పలుచోట్ల నేటికీ వాద్యాలుండవు. మిగతాచోట్ల కీబోర్డు, డ్రమ్స్ హోరులో సభ గొంతు వినబడదన్నది పెద్దల ఫిర్యాదు.